మొదటి కత్తి చేసే ముందు ఇవి చూసుకోండి

ముందు ఇనుము సంగతి. జింకు పూత ఉన్న ముక్క కొలిమిలో పెట్టొద్దు, ఆ పొగ పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది. పాత లారీ కమాను పట్టీ మేలు, పగుళ్లు లేనిదే తీసుకోండి.

గ్రైండర్ దగ్గర కళ్లద్దాలు, మాస్క్ తప్పనిసరి. గుడ్డ గ్లౌజులు, కండువా వద్దు, చిక్కుకుంటే చెయ్యి లాగేస్తుంది.

అసలు టెన్షన్ ఎర్రగా కాల్చిన కత్తిని గట్టిపడటానికి నూనెలో ముంచేటప్పుడే. ప్లాస్టిక్ బకెట్ వద్దే వద్దు, లోతైన ఇనుప డబ్బా తీసుకుని మూత చేతికందేలా పెట్టుకోండి, ఎందుకంటే మంట లేస్తే ఆ మూతతోనే ఆర్పాలి, నీళ్లు పోశారంటే మండే నూనె ఎగిరి మీద పడుతుంది. ముంచకముందే అంచు పల్చగా తీసేయకండి, ఒక మిల్లీమీటరైనా ఉంచండి, లేకపోతే వంకరపోతుంది.

ముంచి తీసిన కత్తి గాజులా పెళుసు, కింద పడితే విరుగుతుంది. ఆ పెళుసు తగ్గాలంటే చల్లారగానే 200 డిగ్రీల ఓవెన్‌లో 2 గంటలు ఉంచండి.

పదును మాత్రం పిడి బిగించాకే.