ఎర్ర లైటు ఆరిందని బండి తీయకండి

మిషిగన్‌లో ఏప్రిల్ నడిమికి వచ్చేసరికి రోడ్ల మీది ఉప్పును వానలు కడిగేస్తాయి. చలికాలమంతా ముసుగేసుకుని గ్యారేజీలో పడుకున్న పాత బళ్లు అప్పుడే బయటికొస్తాయి. నాది 1972 ఎంజీబీ, ఇంగ్లండ్‌లోని ఆబింగ్‌డన్‌లో తయారై అమెరికాకు దిగుమతైన రెండు సీట్ల బండి. ముసుగు తీసి, తాళం తిప్పి, ఇంజన్ పలికిందంటే ఇక చేతులు ఆగవు. సరిగ్గా అక్కడే ఆగాలి. ఇంజన్ పలక్కపోతే బండి ఇంట్లోనే ఉంటుంది, పోయేదేమీ లేదు. బ్రేకు పలక్కపోతే ఆ సంగతి తెలిసేది నాలుగు రోడ్ల కూడలిలో.

అమెరికాలో అమ్మే కార్లకు ముందు చక్రాల బ్రేకులు ఒక దారిగా, వెనకవి మరో దారిగా, లేదా అలాంటి వేరే పద్ధతిలో రెండుగా విడదీయాలని, ఒక దారి తప్పితే డ్రైవరుకు తెలిసేలా లైటు పెట్టాలని 1968 జనవరి 1 నుంచి నిబంధన వచ్చింది. ఆ తర్వాత ఇక్కడికొచ్చిన ఎంజీబీల డాష్‌బోర్డు మీద ఎర్ర లైటు అందుకే ఉంటుంది. చాలామంది దీన్ని బ్రేక్ ఆయిల్ తగ్గితే వెలిగే లైటు అనుకుంటారు. కాదు. బానెట్ ఎత్తితే, పెడల్ తొక్కినప్పుడు బ్రేక్ ఆయిల్‌ను గొట్టాల్లోకి తోసే మాస్టర్ సిలిండర్‌కు దగ్గర్లో ఒక చిన్న లోహపు దిమ్మ కనిపిస్తుంది. ముందు దారి ఒకవైపు నుంచి, వెనక దారి ఇంకోవైపు నుంచి దాని గుండా పోతాయి. లోపల అటూ ఇటూ జరిగే చిన్న పిస్టన్ ఉంటుంది. రెండువైపులా ఒత్తిడి సమానంగా ఉన్నంతసేపు అది మధ్యలో నిలబడుతుంది. ఒకవైపు పడిపోతే రెండోవైపు ఒత్తిడి దాన్ని నెడుతుంది, అది పైనున్న స్విచ్చి మొనను ఎత్తుతుంది, లైటు వెలుగుతుంది.

ఎద్దుల బండి కాడి చూసినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ఒక ఎద్దు వెనకబడితే కాడి వంకరపోతుంది. రెండూ ఒక్కలా అలసిపోతే కాడి తిన్నగానే ఉంటుంది, బండి మాత్రం కదలదు. లైటుకు తెలిసింది కాడి వంకర ఒక్కటే. బ్రేక్ ఆయిల్లో నీరు చేరినా, చక్రాన్ని ఒరుసుకుని ఆపే బ్రేకు లైనింగులు అరిగినా, రెండు దారులూ ఒకేలా బలహీనపడినా అది కిక్కురుమనదు.

అందుకని మొదట చూడాల్సింది లైటునే. దాన్ని నొక్కితే వెలగాలి, బల్బు పరీక్షకు పెట్టిన ఏర్పాటు అది. వెలగకపోతే బల్బో ఫ్యూజో పోయినట్టు. నొక్కినప్పుడు వెలిగినంత మాత్రాన పని అయిపోలేదు. నేను బండి కొన్న మొదటి ఏడాదంతా లైటు ఆరే ఉంది, నొక్కితే చక్కగా వెలిగేది కూడా. తర్వాత చూస్తే స్విచ్చికి వెళ్లే కనెక్టర్ ఊడదీసి, తీగల కట్ట వెనక్కి దోపి ఉంది. ఎవరో మెకానిక్కు లోపం వెతకడం కన్నా లైటు నోరు మూయించడం తేలికని అనుకున్నాడు. ఆ కనెక్టర్ తగిలించిన నిమిషంలో లైటు వెలిగింది. వెనక చక్రంలో సిలిండర్ కారుతోంది. పాత బండి ఎవరి దగ్గర కొన్నా ముందు ఆ కనెక్టర్ చూడండి.

దారిలో వెలిగితే ‘ఇల్లు దగ్గరే కదా’ అనుకోవద్దు. మిగిలిన ఒక్క దారి మీద బండి ఆగుతుంది గానీ చాలా ఎక్కువ దూరం పోయి ఆగుతుంది, పెడల్ కూడా కిందిదాకా పోతుంది. గేర్లు ఒక్కొక్కటే దించుతూ పక్కకు తీయండి. అవసరమైతే హ్యాండ్ బ్రేక్ బొత్తాం నొక్కిపట్టుకునే మెల్లగా లాగండి. అది కేబుల్‌తో వెనక చక్రాల మీద పనిచేసేది, ఆయిల్ లేకపోయినా పట్టుకుంటుంది. ఒక్కసారిగా లాగితే వెనక చక్రాలు బిగుసుకుని బండి తిరిగిపోతుంది. ఆ తర్వాత టోయింగ్ బండిని పిలవడమే.

ఇంట్లో వెలిగితే వెతకడానికి తీరిక ఉంటుంది. తర్వాతి ఏళ్ల ఎంజీబీల్లో హ్యాండ్ బ్రేక్ లాగినా ఇదే లైటు వెలుగుతుంది, ముందు అది దించి చూడండి. తర్వాత ఆయిల్ డబ్బా మూత తీయండి. మట్టం తగ్గి ఉంటే ఎక్కడికో పోయినట్టే, మళ్లీ నింపి ఊరుకోకూడదు. టైర్ల లోపలి గోడలు తడిగా ఉన్నాయేమో, వెనక చక్రాల బ్రేకు డ్రమ్ముల కింద చుక్కలున్నాయేమో, మూడు రబ్బరు గొట్టాలు ఉబ్బాయేమో, పగిలాయేమో చూడండి. పెడళ్ల పైనున్న పెట్టె దగ్గర రంగు పొంగిందంటే మాస్టర్ సిలిండర్ వెనక నుంచి కారుతున్నట్టు. క్లచ్‌ది కూడా ఆ పక్కనే ఉంటుంది కాబట్టి ఏది కారుతోందో తుడిచి, మర్నాడు చూసి తేల్చుకోండి. పెడల్‌ను ఒక నిమిషం గట్టిగా తొక్కి పట్టుకోండి. బయట ఎక్కడా తడి లేకుండా అది మెల్లగా దిగిపోతుంటే మాస్టర్ సిలిండర్ లోపలి రబ్బరు వాషర్లు పోయినట్టు.

బయట ఏమీ దొరక్కపోతే స్విచ్చి కనెక్టర్ పీకండి. లైటు ఇంకా వెలుగుతుంటే తీగ ఎక్కడో బాడీకి తగులుతోంది. ఆరిపోతే స్విచ్చిని విప్పి కింది రంధ్రంలోకి టార్చి వేసి చూడండి. ఆ రంధ్రం పొడిగా ఉండాలి. తడి ఉంటే లోపలి పిస్టన్ రబ్బరు రింగులు కారుతున్నట్టే, అవి మార్చేదాకా బండి కదలకూడదు. పొడిగా ఉంటే స్విచ్చికి మీటర్ పెట్టండి. మొన నొక్కినప్పుడే కరెంటు దాటాలి. మళ్లీ బిగించేటప్పుడు పానా వాడొద్దు. దాని ఒళ్లు నైలాన్, ఇంకాస్త బిగిద్దాం అనుకునేలోపే విరుగుతుంది. వేళ్లతో బిగిస్తే చాలు.

అందరినీ ఏడిపించేది దీని తర్వాతి ఘట్టం. లీకు బాగుచేశారు, బ్రేక్ గొట్టాల్లో చేరిన గాలి తీశారు, పెడల్ రాయిలా ఉంది, అయినా లైటు ఆరదు. లోపలి పిస్టన్ ఒక పక్కకు జరిగి అక్కడే కూర్చుంది కాబట్టి. గాలి తీసేటప్పుడు పెడల్ బలంగా తొక్కినా ఇలా జరుగుతుంది, ఆ దెబ్బకు స్విచ్చి మొన విరగకుండా గాలి తీసే ముందే స్విచ్చి విప్పి పక్కన పెట్టుకోవడం మంచిది. మధ్యకు తేవాలంటే బాగుచేసిన దారికి ఎదురు దారి నిపిల్ (చక్రం దగ్గర గాలి తీసే చిన్న మర) వదులు చేయాలి. లోపం ముందు చక్రాలదైతే వెనక నిపిల్, వెనకదైతే ముందు నిపిల్. తాళం తిప్పి లైటు వెలిగించి, ఒకరు పెడల్‌ను చాలా మెల్లగా తొక్కుతూ లైటు ఆరిన క్షణంలోనే ఆపాలి. రెండోవారు వెంటనే నిపిల్ బిగించాలి. బిగించాకే పెడల్ వదలాలి.

మా ఇంట్లో పెడల్ పని మా అబ్బాయిది. మొదటిసారి “నాన్నా, ఆరింది!” అని వాడు అరిచేసరికి పిస్టన్ మధ్య దాటి అవతలికి పోయింది. “నాన్నా, మళ్లీ వెలిగింది!” ఆ ఆదివారం అలా ఆరుసార్లు. ఇంకో సంగతి, ఇది పాయింట్లున్న పాత ఇగ్నిషన్, అంటే ఇంజన్ తిరుగుతుంటే కాయిల్‌కు కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే మొనలున్నది. ఇంజన్ తిరగకుండా తాళం అలా తిప్పి వదిలేస్తే కాయిల్ వేడెక్కి చెడిపోతుంది. ముందే కాయిల్‌కు వెళ్లే తెల్ల తీగ ఊడదీసి కొసకు టేపు చుట్టండి.

పాత మాస్టర్ సిలిండర్‌తో గాలి తీసేటప్పుడు పెడల్ కింద ఒక చెక్కముక్క పెట్టండి. రోజూ సగం దాకా నడిచిన వాషర్లను ఒక్కసారిగా అడుగుదాకా తోస్తే, ఎన్నడూ నడవని తుప్పు జాగాలో గీసుకుని చిరుగుతాయి. బాగుచేయబోయి చెడగొట్టుకోవడం అంటే అదే.

మనం బ్రేక్ ఆయిల్ అంటాం గానీ అది నూనె కాదు. నిజంగా నూనె ఏదైనా పోస్తే లోపలి రబ్బరంతా ఉబ్బి పాడవుతుంది. మామూలు డాట్ 3, డాట్ 4 రకాలు గాలిలోని తేమను పీల్చుకుంటాయి. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలే. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, ఆవిరి నొక్కుకుపోతుంది, పెడల్ మెత్తగా నేలకు దిగుతుంది. తిరుమల ఘాట్‌లో దిగేటప్పుడు తక్కువ గేర్లో రమ్మని పాత డ్రైవర్లు చెప్పేది ఇందుకే. టెనసీ, నార్త్ కరోలినా సరిహద్దులో 11 మైళ్లలో 318 మలుపులున్న ‘టెయిల్ ఆఫ్ ద డ్రాగన్’కు పాత బండి తీసుకెళ్లాలని మోజుపడేవాళ్లు ముందు ఆయిల్ మార్చుకోండి. మామూలుగా అయినా రెండేళ్లకోసారి మార్చాల్సిందే. సిలికాన్‌తో చేసే డాట్ 5ను వీటితో కలపకూడదు. పైగా ఆయిల్ ఒలికితే కారు రంగు లేచిపోతుంది. నీళ్లు, గుడ్డ పక్కనే పెట్టుకోండి.

జాకీ మీద మాత్రమే నిలబెట్టిన బండి కిందికి దూరొద్దు, స్టాండ్లు వేయాలి. వెనక భాగం లేపితే హ్యాండ్ బ్రేక్ ఉన్నా లేనట్టే, ముందు చక్రాలకు అడ్డు పెట్టండి. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి డ్రమ్ము విప్పాక దుమ్మును నోటితోనో గాలి గొట్టంతోనో ఊదొద్దు, బ్రేక్ క్లీనర్‌తో తడిపి తుడవండి. వచ్చే చలికాలం బండి పెట్టేటప్పుడు హ్యాండ్ బ్రేక్ లాగి వదలొద్దు, లైనింగులుండే బ్రేకు షూలు డ్రమ్ములకు అతుక్కుంటాయి.

అన్నీ అయ్యాక మొదటి పరుగు ఇంటి ముందు దారిలోనే. పది మైళ్ల వేగంలో ఒకసారి, తర్వాత ఖాళీ పార్కింగ్‌లో ఇరవై, ముప్ఫైలో గట్టిగా ఒకసారి. లైటు వెలగకూడదు, బండి పక్కకు లాగకూడదు. తిరిగొచ్చి గ్యారేజీలో పెట్టాక బండి కింద ఒక కొత్త అట్ట పరుస్తాను. తెల్లారి చూసినప్పుడు దాని మీద చుక్క మరక లేకపోతేనే డెట్రాయిట్ నుంచి వచ్చే పెద్ద రోడ్డు వుడ్‌వర్డ్ అవెన్యూ వైపు తిప్పుతాను.