బీరువాలోని బట్టలతో కలిసే జతలు

బీరువాలో ఏళ్ల తరబడి దాచుకున్న, ఇంకా కుట్టని బట్టలను ఒక్కొక్కటిగా కుట్టడం మొదలుపెట్టే ముందు, అన్నిటినీ పగటి వెలుతురులో మంచం మీద పరచి, ఎక్కువ బట్టలలో ఉమ్మడిగా కనిపించే ఒక రంగును ఎంచుకోవడం మంచిది. నా బట్టలలో అది ముదురు నీలం. ఆ రంగులో ఒకటి, గోధుమ రంగులో ఒకటి చొప్పున మంగళగిరి నూలు బట్టతో రెండు పలాజోలు (వదులైన ప్యాంట్లు) కుట్టుకున్నాక, పోచంపల్లి ఇక్కత్, కలంకారీ, సాదా తెలుపు కుర్తీలు మూడూ వాటిలో దేని మీదికైనా నప్పాయి. అంటే 5 బట్టలతో 6 జతలు. పూలు, గళ్లు ఉన్నవాటిని పైభాగానికే ఉంచి, కిందివన్నీ సాదాగా కుట్టడమే ఇందులోని కిటుకు.

నూలు బట్టను కత్తిరించే ముందు రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరబెట్టి, ఇస్త్రీ చేయడం తప్పనిసరి. బద్ధకించి ఆ పని మానేసినందుకు నా మొదటి కలంకారీ కుర్తీ ఒక్క ఉతుకుకే పొడవులో 2 అంగుళాలు తగ్గింది. తడిపిన తెల్లగుడ్డతో రుద్దినప్పుడు రంగు అంటుకునే బట్టను లేతరంగు దానితో కలిపి కుట్టకూడదు. 80 సెంటీమీటర్ల జాకెట్టు ముక్క పెద్దల కుర్తీకి చాలదు గానీ, చేతులకూ మెడపట్టీకీ జేబుకూ చక్కగా సరిపోతుంది.