అమ్మాయిని ఆస్పత్రికి తీసుకెళ్లే ముందు జాగ్రత్తలు

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ వైపు మన ఇళ్లలో పెళ్లికాని మైనరు అమ్మాయికి గర్భం వచ్చిందని బయటపడగానే ఎవరో ఒకరు అంటారు, "గుట్టుగా పెళ్లి చేసేద్దాం" అని. ఆ పని మాత్రం వద్దు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండకపోతే అది బాల్యవివాహం. 2006 చట్టం ప్రకారం చేయించిన పెద్దలదీ నేరమే.

• నాటుమందులు, షాపు మాత్రలు వద్దు. వారాలు లెక్కపెట్టుకోండి. గర్భస్రావానికి 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. మైనరుకు 24 వరకు అవకాశముంది, అప్పుడు ఇద్దరు డాక్టర్లు కావాలి.

• మైనరు గర్భస్రావానికి తల్లిదండ్రులుగా మీ రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. కానీ ముందు అమ్మాయిని అడగండి, తిట్టకుండా. వయసు రుజువు పట్టుకెళ్లండి.

• 18 లోపయితే, ఇద్దరూ ఇష్టపడ్డా పోక్సో (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) కేసే. తెలిసీ పోలీసులకు చెప్పకపోతే శిక్ష ఉంది. డాక్టరూ చెప్పి తీరాలి, ఆయన మీద కోప్పడి లాభం లేదు. అయితే అమ్మాయి, మీరు కోరితే ఆయన తన సమాచారంలో ఆమె పేరు బయటపెట్టనక్కర్లేదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది.

• ఒడియా రాదని టెన్షన్ పడకండి, వాంగ్మూలానికి అనువాదకుణ్ణి అడగండి. పోలీసులు దాన్ని ఇంట్లో లేదా అమ్మాయి కోరిన చోట, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. పిల్లను రాత్రి స్టేషన్‌లో ఉంచకూడదు.

• సాయానికి పిల్లల హెల్ప్‌లైన్ 1098.