తక్కువ స్పిన్ గోల్ఫ్ బంతితో ఇబ్బందులు: లక్షణం, కారణం, పరిష్కారం

గాలిలో తక్కువగా తిరిగేలా తయారైన తక్కువ స్పిన్ బంతికి మారినవారు క్లబ్ ఫిట్టింగ్ (తమకు సరిపడే క్లబ్బులు ఎంచుకోవడం) కోసం నా దగ్గరకు వచ్చినప్పుడు చెప్పే ఫిర్యాదులు నాలుగైదు రకాలకు మించవు. దూరం పెరగలేదంటారు, గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి పచ్చిక) మీద ఆగడం లేదంటారు, గదిలో తెర మీదికి కొట్టే సిమ్యులేటర్‌లో బాగున్నది కోర్సులో బాగాలేదంటారు. వీటిలో చాలావాటికి బంతి కారణం కాదు. పరీక్షించిన తీరులోనే లోపం ఉంటుంది.

అందుకే ముందుగా రెండు ప్రశ్నలు అడుగుతాను. మొదటిది: పాత బంతి ఏది? రేంజ్‌లో (సాధన మైదానంలో) ఇచ్చే బంతులతో పోల్చి కొత్త బంతి గొప్పదనో చెడ్డదనో తేల్చేవారు ఇప్పటికీ ఎక్కువమందే. రేంజ్ బంతి దెబ్బలకు తట్టుకునేలా చేసినది. కొన్ని చోట్ల కావాలనే తక్కువ దూరం వెళ్లేలా తయారైనవి వాడతారు. దానితో పోలిక దేనికీ పనికిరాదు. మీరు రోజూ ఆడే బంతి, అదీ గీతలు పడనిది, పక్కన పెట్టుకుని పోల్చండి. రెండోది: క్లబ్ ఫేస్ (బంతికి తగిలే ముఖం) తుడిచారా? ప్రతి షాట్‌కూ, ముఖ్యంగా వెడ్జ్ (దగ్గరి దూరాల నుంచి ఎత్తుగా కొట్టే క్లబ్) షాట్‌కు ముందు తుడవాలి. ఫేస్ మీది గాడులైన గ్రూవ్స్‌లో గడ్డి రసం, మట్టి చేరితే ఏ బంతికైనా స్పిన్ పడిపోతుంది. తువ్వాలు బ్యాగుకే వేలాడుతూ ఉంటుంది, అయినా ఈ ఒక్క పని వదిలేస్తారు.

ఈ రెండూ సరిగా ఉన్నాయనుకుని అసలు విషయానికి వద్దాం.

అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్ డ్రైవర్‌తో బంతి లేచినట్టే లేచి మధ్యలో కూలిపోతోంది

బంతిని గాలిలో నిలబెట్టేది బ్యాక్‌స్పిన్, అంటే బంతి వెనక్కి తిరగడం. అది తగ్గితే పైకి లేపే బలం కూడా తగ్గుతుంది. స్పిన్ ఎక్కువై, బంతి గాలిలోకి ఎగబాకి దూరం పోగొట్టుకుంటున్నవారికి ఈ బంతి నిజంగా మేలు చేస్తుంది. మీ స్పిన్ ముందే తక్కువగా ఉంటే, కొత్త బంతితో నిమిషానికి 2000 చుట్ల కిందికి దిగి, క్యారీ (గాలిలో వెళ్లాల్సిన దూరం) పూర్తికాకముందే బంతి నేలకు వచ్చేస్తుంది.

స్పిన్ తగ్గించుకున్నవారు లాంచ్ కోణం (బంతి ఫేస్ నుంచి పైకి లేచే కోణం) పెంచుకోవాలి. అమెరికా పురుషుల పీజీఏ టూర్ సగటులో డ్రైవర్ లాంచ్ సుమారు 11 డిగ్రీలు, స్పిన్ 2700 దగ్గర ఉండేదని, బంతి వేగం గంటకు 167 మైళ్లని, షాట్లను కొలిచే రాడార్ యంత్రాల కంపెనీ ట్రాక్‌మ్యాన్ కొన్నేళ్ల కిందట ప్రకటించిన అంకెలు చెబుతాయి. మహిళల ఎల్‌పీజీఏలో బంతి వేగం 140 మైళ్లు, స్పిన్ 2600 పైచిలుకు, లాంచ్ మాత్రం 13 డిగ్రీలు దాటింది. వేగం తక్కువైనప్పుడు కోణం పెరగాలని ఈ రెండో వరుస చూపిస్తోంది. మనలో చాలామంది వేగం ఎల్‌పీజీఏ వరుసకు దగ్గరగానో ఇంకా తక్కువగానో ఉంటుంది, కానీ పోల్చుకునేది మాత్రం మొదటి వరుసతో.

పరిష్కారం: టీ కొంచెం ఎత్తు చేయండి. చాలకపోతే డ్రైవర్ లాఫ్ట్ (ఫేస్ వెనక్కి వాలిన కోణం) ఒక డిగ్రీ పెంచండి. హోసెల్ (క్లబ్ తలనూ కడ్డీనీ కలిపే భాగం) తిప్పి లాఫ్ట్ పెంచితే ఫేస్ కొద్దిగా మూసుకుంటుంది కాబట్టి, కుడిచేతి ఆటగాడికి బంతి ఎడమవైపు వెళ్లే అవకాశం ఉందని గుర్తుంచుకోండి. అంతకన్నా ముందు ఫేస్ మీద కాళ్లకు వాడే పౌడర్ స్ప్రే పలచగా కొట్టి, బంతి ఎక్కడ తగులుతోందో చూడండి. ఫేస్ పైభాగాన తగిలితే స్పిన్ తగ్గుతుంది, కింద తగిలితే పెరుగుతుంది. మచ్చ పైభాగంలో ఉన్నవారికి ఈ బంతి ఇంకా తక్కువ స్పిన్ ఇస్తుంది. అలాంటివారు పాత బంతితోనే ఉండడం మంచిది.

స్లైస్ (బంతి పక్కకు వంగిపోవడం) తగ్గుతుందన్నారు, తగ్గలేదు

కొద్దిగా తగ్గుతుంది. మొత్తం స్పిన్ తగ్గినప్పుడు పక్కకు వంగడం కూడా కొంత తగ్గుతుంది, అంతే. వంపు పుట్టేది క్లబ్ వెళ్లే దారికీ ఫేస్ చూసే దిక్కుకూ మధ్య ఉన్న తేడా నుంచి. దాన్ని బంతి మార్చలేదు. తనంతట తానే దారి సరిదిద్దుకునేలా గుంటలను అసమానంగా అమర్చిన పొలారా బంతి 1970ల్లోనే వచ్చింది. ఆ తర్వాత అమెరికా గోల్ఫ్ సంఘం యూఎస్‌జీఏ, బంతి సౌష్ఠవంగా ఉండాలని నిబంధన తెచ్చింది. నిబంధనలకు లోబడిన ఏ బంతీ స్లైస్‌ను మాన్పదు. కోచ్ దగ్గరకు వెళ్లండి.

సిమ్యులేటర్‌లో రెండు బంతులకూ స్పిన్ ఒకటే చూపిస్తోంది, లేదా కొత్తదానికే ఎక్కువ చూపిస్తోంది

దీని గురించి వివరంగా చెప్పాలి. బాగున్న డ్రైవర్ లాఫ్ట్‌ను ఈ కారణంగా మార్చుకున్నవారిని, తమకు సరిపడని బంతిని డజన్లకొద్దీ కొన్నవారిని చూశాను. సరిపోయే బంతిని పక్కన పడేసినవారూ ఉన్నారు.

స్క్రీన్ మీద కనిపించే స్పిన్ అంకె ప్రతిసారీ కొలిచినదై ఉండదు. చాలాసార్లు అది యంత్రం వేసిన అంచనా.

రాడార్ పద్ధతిలో పనిచేసే లాంచ్ మానిటర్ (షాట్ అంకెలు చూపే యంత్రం) బయట మైదానంలో బంతిని చాలా దూరం వెంబడిస్తుంది. తిరిగే బంతి నుంచి వచ్చే సంకేతంలో స్పిన్ జాడ పట్టుకోవడానికి దానికి సమయం దొరుకుతుంది. గదిలో బంతి కొన్ని మీటర్లలోనే తెరకు తగిలి ఆగిపోతుంది. అంత తక్కువ వ్యవధిలో మామూలు బంతి ఎన్ని చుట్లు తిరిగిందో రాడార్‌కు స్పష్టంగా అందదు. అప్పుడు యంత్రం బంతి వేగం, లాంచ్ కోణం, క్లబ్ వేగం తీసుకుని, సాధారణ బంతి అయితే ఇంత స్పిన్ ఉండాలి అని లెక్కకట్టి చూపిస్తుంది. మీరు పరీక్షించడానికి వచ్చింది ఈ బంతి సాధారణ బంతికి ఎంత భిన్నమో తెలుసుకోవడానికి. ఆ తేడాకు యంత్రం లెక్కలో చోటే లేదు.

వెడ్జ్‌తో పరిస్థితి ఇంకా విపరీతంగా ఉంటుంది. పైపొర గట్టిగా, జారుడుగా ఉన్న బంతి ఫేస్‌ను తక్కువగా పట్టుకుంటుంది. అందువల్ల స్పిన్ తగ్గి, బంతి కొంచెం ఎత్తుగా లేస్తుంది. అంచనా వేసే యంత్రానికి ఎత్తుగా లేవడం మాత్రమే కనిపిస్తుంది. లాఫ్ట్ ఎక్కువగా పడిందని భావించి స్పిన్‌ను పెంచి చూపించే వీలుంది. అంటే తక్కువ స్పిన్ బంతికి స్క్రీన్ మీద ఎక్కువ స్పిన్. గదిలో క్యారీ, గరిష్ఠ ఎత్తు, దిగే కోణం అన్నీ ఈ స్పిన్ ఆధారంగానే లెక్కకట్టినవి. మొదటి అంకె తప్పైతే మిగతావన్నీ దాని వెంటే తప్పుతాయి.

దీన్ని పట్టుకోవడానికి సులువైన పద్ధతి ఉంది. 56 డిగ్రీల వెడ్జ్ తీసుకుని ఫేస్ పొడిగా తుడిచి, సగం స్వింగ్‌తో కొన్ని బంతులు కొట్టండి. అంకెలు రాసుకోండి. తర్వాత తడి గుడ్డతో బంతినీ ఫేస్‌నూ బాగా తడిపి అదే స్వింగ్‌తో కొట్టండి. నీరు మధ్యలో ఉంటే గ్రూవ్స్‌కు పట్టు దొరకదు. నిజమైన స్పిన్ సగానికి పడిపోవడం మామూలే. స్క్రీన్ మీద అంకె కూడా బాగా పడిపోతే యంత్రం కొలుస్తోందని నమ్మవచ్చు. అంకె కదలకపోయినా, పైకి వెళ్లినా అది అంచనా. అక్కడితో స్పిన్ అంకెలను పక్కన పెట్టేయండి. కొన్ని యంత్రాలు అంచనా అంకెను వాలు అక్షరాల్లో వేరుగా చూపిస్తాయి కూడా, కానీ ఆ తేడా గమనించేవారు అరుదు.

పరిష్కారాలు మూడు రకాలుగా దొరుకుతాయి. రాడార్ యంత్రమే ఉంటే, దానితో వచ్చే చిన్న లోహపు చుక్క స్టికర్‌ను బంతి మీద అంటించండి. చిటికెన వేలి గోరుకన్నా చిన్నదిగా ఉంటుంది. ఫేస్ తగిలే వైపు రాకుండా చూసుకోవాలి. బంతి తిరిగినప్పుడల్లా ఆ చుక్క రాడార్‌కు స్పష్టంగా కనిపిస్తుంది. కొన్ని షాట్లకే నలిగి ఊడిపోతుంది కాబట్టి ప్రతిసారీ బంతిని తీసి చూసుకోవాలి. చుక్క లేనప్పుడు రెండు బంతులకూ దాదాపు ఒకే అంకె చూపిన యంత్రమే, చుక్క అంటించాక వెడ్జ్ షాట్లలో నిమిషానికి వెయ్యి చుట్లకు పైగా తేడా చూపడం నాకు కొత్తేమీ కాదు. టైటలిస్ట్ 2022లో ఆర్‌సీటీ పేరుతో రాడార్‌కు కనిపించే గుర్తును పైపొర కిందే పెట్టిన బంతులు తెచ్చింది. బాగా పనిచేస్తాయి, కానీ మీరు పరీక్షించే బంతి వేరే కంపెనీదైతే వాటితో ప్రయోజనం లేదు. రెండో మార్గం, బంతి తిరగడాన్ని వరుస ఫొటోలతో కొలిచే కెమెరా యంత్రం ఉన్న చోటికి వెళ్లడం. అలాంటి వాటిలోనూ చవకరకం కొన్నింటికి ప్రత్యేక గుర్తులు ముద్రించిన బంతులే కావాలి, ముందే కనుక్కోండి.

నేను ఎక్కువగా నమ్మేది మూడోది. దానికి యంత్రమే అక్కర్లేదు. సాధన గ్రీన్‌కు 40 గజాల దూరంలో నిలబడండి. పాత బంతి ఒకటి, కొత్త బంతి ఒకటి మార్చిమార్చి కొట్టండి. పాతవన్నీ ముందు, కొత్తవన్నీ తర్వాత కొట్టకండి. ఈలోగా ఒళ్లు వేడెక్కుతుంది, స్వింగ్ మారుతుంది. వీలైతే ఏది ఏ బంతో మీకు చెప్పకుండా కెడ్డీనే పెట్టమనండి. ప్రతి బంతి పడిన చోట ఒక టీ, ఆగిన చోట ఒక టీ గుచ్చండి. రెండింటి మధ్య అడుగులు లెక్కపెట్టండి. సరిగా తగలని షాట్లను వదిలేయండి, అయితే చేతికి తెలిసిన దెబ్బను బట్టే వదలాలి. ఫలితం నచ్చలేదని వదిలితే పరీక్ష పాడవుతుంది. పడిన చోటి గుంతలు కూడా చూడండి: నిటారుగా దిగిన బంతి లోతుగా, గుండ్రంగా గుంత చేస్తుంది, ఏటవాలుగా దిగినది పొడవుగా గీస్తుంది.

సిమ్యులేటర్‌లోనే మరో సెట్టింగ్ ఉంటుంది, బంతి రకం. రేంజ్ బంతి అని ఎంచి ఉంటే యంత్రం నష్టపోయిన దూరాన్ని కలిపి చూపిస్తుంది. మీరు మంచి బంతితో కొడుతుంటే అది దూరాన్ని ఉన్నదానికంటే పెంచేస్తుంది. మొదలుపెట్టే ముందు ఒకసారి చూడండి.

ఐరన్ షాట్ గ్రీన్ మీద పడి ఆగకుండా ముందుకు దొర్లిపోతోంది, చిప్ (గ్రీన్ పక్క నుంచి కొట్టే చిన్న షాట్) ఆగడం లేదు

డబ్బా మీద తక్కువ స్పిన్ అని రాసి ఉన్న బంతులన్నీ ఒకటి కాదు. యురేథేన్ పైపొర ఉన్నవి, టైటలిస్ట్ ఏవీఎక్స్, ప్రో వీ1ఎక్స్ లెఫ్ట్ డాష్ లాంటివి, డ్రైవర్‌తో స్పిన్ తగ్గించినా గ్రీన్ చుట్టూ చాలావరకు పట్టు నిలబెట్టుకుంటాయి. సర్లిన్ లాంటి అయొనోమర్ పైపొర ఉన్న చవకరకం బంతులు అన్నిచోట్లా స్పిన్ తగ్గిస్తాయి. చిప్ ఆగడం లేదంటే ముందు పైపొర ఏమిటో చూడండి. అయొనోమర్ అయితే మీ చేతిలో లోపం లేదు. బంతి మార్చండి, లేదా బంతిని తక్కువ దూరంలో పడేసి దొర్లించే ఆట నేర్చుకోండి.

పైపొర యురేథేనే అయితే గ్రూవ్స్ చూడండి. గోటితో అడ్డంగా గీస్తే అంచు తగలాలి. నున్నగా జారిపోతే వెడ్జ్ వయసు అయిపోయింది.

ఐరన్ షాట్ల విషయంలో స్పిన్‌తోపాటు బంతి దిగే కోణం కూడా చూడాలి. ఏడో నంబరు ఐరన్ బంతి 45 డిగ్రీలకన్నా తక్కువ కోణంలో దిగితే ఎండాకాలపు గట్టి గ్రీన్ మీద ఏ బంతీ ఆగదు. లాఫ్ట్ బాగా తగ్గించి తయారుచేసే ఇప్పటి దూరపు ఐరన్లతో ఆడేవారు ఈ బంతికి మారితే ఈ ఇబ్బంది రెట్టింపవుతుంది. వారికి మధ్యస్థ స్పిన్ బంతే సరిపోతుంది. వానాకాలంలో తడిసిన బెర్ముడా గడ్డి రఫ్ (ఆటదారి పక్కన గడ్డి పెరగనిచ్చిన చోటు) నుంచి కొట్టిన షాట్‌ను మాత్రం లెక్కలోకి తీసుకోకండి. ఫేస్‌కూ బంతికీ మధ్య తడి గడ్డి చేరితే ఏ బంతైనా జారిపోతుంది.

హైదరాబాద్‌లో ఒక దూరం, విశాఖలో ఇంకో దూరం

హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పలచన కాబట్టి గోల్కొండ కోర్సులో బంతి రెండు శాతం దాకా ఎక్కువ వెళ్తుంది. విశాఖలోని ఈస్ట్ పాయింట్‌లో ఆ లాభం ఉండదు, పైగా సముద్రపు గాలి ఉంటుంది. ఎదురుగాలిలో ఈ బంతి పైకి ఎగబాకకుండా దూసుకెళ్లడం చాలామందికి అక్కడే మొదటిసారి తెలుస్తుంది. రెండు చోట్ల అంకెలను మాత్రం కలిపి పోల్చకండి.

మిగతావి

బంతి మధ్యభాగం పక్కకు జరిగి ఉందేమో, పెట్టె కారు డిక్కీలో ఎండకు పాడైందేమో, నకిలీదేమో అని అడుగుతుంటారు. పేరున్న దుకాణంలో కొన్న కొత్త పెట్టె అయితే ఈ అనుమానాలు పెట్టుకోకండి. ఉప్పునీళ్లలో తేల్చి చూసే పరీక్షతో కాలం వృథా. కారులో వేడెక్కిన బంతిని నీడలో చల్లారనిచ్చి వాడితే చాలు.

పోటీలో ఆడేవారికి ఒక జాగ్రత్త. కొత్త బంతి ఆమోదిత బంతుల జాబితాలో ఉందో లేదో, డబ్బా మీది పేరుతోపాటు బంతి మీది గుర్తులను కూడా సరిపోల్చి చూసుకోండి. గోల్ఫ్ నిబంధనలు రూపొందించే సంస్థలు యూఎస్‌జీఏ, ఆర్ అండ్ ఏ ఆ జాబితాను నెలనెలా సవరిస్తాయి. కొన్ని పోటీల్లో రౌండ్ మొత్తం ఒకే బ్రాండు, ఒకే మోడల్ బంతితో ఆడాలన్న స్థానిక నిబంధన ఉంటుంది. అక్కడ గాలి ఉన్న హోల్స్‌కు ఒక బంతి, మిగతావాటికి ఇంకొకటి అంటే జరిమానా పడుతుంది. ఆ నిబంధన లేని చోట ప్రతి హోల్ మొదట్లో బంతి మార్చుకోవచ్చు. స్నేహితులతో ఆడే ఆదివారపు రౌండ్‌లో ఒక హోల్ పాతదానితో, ఒక హోల్ కొత్తదానితో ఆడి, పడిన చోటూ ఆగిన చోటూ స్కోరు కార్డు పక్కన రాసుకోండి.