గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాకింగ్, 4వ పాఠం: టెస్టులో నిలబడి గేమ్‌లో పడిపోతే

ఓవర్‌క్లాకింగ్ అంటే కార్డుని కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడపడం. ఈ పాఠంలో మెమరీ క్లాక్, అంటే కార్డు మెమరీ వేగం, మొదలుపెట్టాలి. కానీ మూడో పాఠం చూసి కోర్ క్లాక్ (చిప్ వేగం) పెంచినవాళ్లలో చాలామంది దాదాపు ఒకే మాటతో వచ్చారు: "ఫర్‌మార్క్ అరగంట నడిపాను, ఏమీ కాలేదు. గేమ్ మెనూలోనే క్రాష్ అయింది." ఫర్‌మార్క్ అంటే కార్డు మీద లోడు పెట్టి చూసే టెస్టు ప్రోగ్రాం. ఇంకొకరికి గేమ్ కూడా లేదు, వీడియో చూస్తుంటే స్క్రీన్ నల్లబడిందట. ఇది తేలకుండా మెమరీ జోలికి వెళ్తే ఏది దేనివల్ల పడుతోందో అర్థం కాదు. కాబట్టి మెమరీ చివర్లో కొంచెమే. ముందు ఈ క్రాష్‌ల సంగతి చూద్దాం.

ఉదాహరణలకు నా దగ్గరున్న ఆర్‌టీఎక్స్ 3060నే వాడుతున్నాను. ఆఫ్టర్‌బర్నర్ (కార్డు క్లాక్, ఫ్యాన్ మార్చే ప్రోగ్రాం) వేసుకోవడం, పవర్ లిమిట్ స్లైడర్ జరపడం, ఫ్యాన్ సెట్టింగులు మీకు వచ్చేసినట్టే అనుకుంటున్నాను.

3060కి ఎన్విడియా ప్రకటించిన బూస్ట్ క్లాక్ (గేమ్ నడిచేటప్పుడు అందుకునే వేగం) 1777 మెగాహెర్ట్జ్, పవర్ లిమిట్ 170 వాట్లు. అయితే కార్డు 1777 దగ్గరే ఆగిపోదు. వాట్లు మిగిలి, వేడి తక్కువగా ఉంటే 15 మెగాహెర్ట్జ్ చొప్పున మెట్లెక్కుతూ 1900 దాటుతుంది. ఏ వోల్టేజీ దగ్గర ఎంత క్లాక్ నడవాలో చెప్పే పట్టిక ఒకటి కార్డులో ఉంటుంది. ఆఫ్టర్‌బర్నర్ తెరిచి కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కండి, ఆ పట్టికే ఒక గీతలా కనిపిస్తుంది. కోర్ క్లాక్‌కి ప్లస్ 120 పెట్టినప్పుడు మీరు ఒక్క అంకెని పెంచడం లేదు, గీత మొత్తాన్నీ 120 పైకి జరుపుతున్నారు. 0.8 వోల్టుల దగ్గరి చుక్క జరిగింది, ఒక వోల్టు పైనున్న చుక్కా జరిగింది. చిప్‌కి అన్ని చుక్కల దగ్గరా ఒకే వెసులుబాటు ఉండదు. ఒకచోట 150 మోస్తుంది, ఇంకోచోట 90కే తడబడుతుంది.

ఇప్పుడు ఫర్‌మార్క్ దగ్గరికి వద్దాం. ఇది కార్డు చేత వీలైనన్ని వాట్లు తాగించే ప్రోగ్రాం. మొదలైన కాసేపట్లోనే కార్డు 170 వాట్లకి తగులుకుంటుంది. ఆ హద్దు దాటకుండా వోల్టేజీ తగ్గించుకుంటుంది, దానితోపాటు క్లాక్ కూడా దిగుతుంది. ప్లస్ 120 మీద నా కార్డు ఫర్‌మార్క్‌లో 1700 దరిదాపుల్లో తిరుగుతుంది. అదే సెట్టింగుతో, 60 ఫ్రేములకి లాక్ చేసిన పాత గేమ్‌లో 2000 దాటుతుంది. అంటే అరగంటసేపు మీరు పరీక్షించింది గీతలో కింది భాగాన్ని. తేలికపాటి గేమ్, మెనూ, కట్‌సీన్ నడిచేది పై భాగం మీద. అక్కడి చుక్కల మీద పరీక్షే జరగలేదు. లారీకి ఓవర్‌లోడ్ ఎక్కించి ఘాట్ రోడ్డు ఎక్కిస్తే ఇంజను ఎంత వేడెక్కుతుందో తెలుస్తుంది. ఖాళీ హైవే మీద నూరు దాటితే స్టీరింగ్ వణుకుతుందా లేదా అన్నది దానివల్ల తెలియదు.

"ఫర్‌మార్క్ పాసైతే స్టేబుల్" అనే మాట ఇన్నేళ్లయినా పోకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని నమ్మి, గేమ్ పడిపోతే కార్డే పాడైందనుకుని సర్వీస్ సెంటర్‌కి మోసుకెళ్తున్నారు. కూలర్ ఎంత వేడిని తట్టుకుంటుందో చూడాలంటే ఫర్‌మార్క్ వాడండి, అది కూడా పది నిమిషాలు. ఓవర్‌క్లాక్ నిలబడుతుందా అన్న ప్రశ్నకి దాని దగ్గర జవాబు లేదు.

ఇంకా రెండు మెలికలున్నాయి. మొదటిది వేడి. చల్లగా ఉన్న కార్డు ఒకటి రెండు మెట్లు ఎక్కువ ఎక్కి, వేడెక్కాక దిగుతుంది. అందుకే పొద్దున సిస్టమ్ ఆన్ చేసి గేమ్ తెరవగానే పడిపోయి, రెండోసారి తెరిస్తే గంటలకొద్దీ ఆడనిచ్చే కార్డులుంటాయి. దీనికి ఎదురు కేసూ ఉంది. వేడెక్కిన చిప్ అదే క్లాక్ నిలబెట్టడానికి మరికాస్త వోల్టేజీ కోరుతుంది. రాత్రి ఏసీ గదిలో పాసైన సెట్టింగు, రామగుండంలో మే నెల మధ్యాహ్నం ఫ్యాన్ కింద పాసవ్వాలని లేదు. ఈ రెండు వైపులా పరీక్షించాలి.

రెండోది, లోడు ఒక్కసారిగా మారడం. లోడింగ్ స్క్రీన్ అయిపోయి దృశ్యం తెరుచుకునే క్షణంలో కార్డు వాడకం ఎగబాకుతుంది, వోల్టేజీ కాస్త కుంగుతుంది. అంచున ఉన్న ఓవర్‌క్లాక్ ఎక్కువగా అక్కడే దొరికిపోతుంది. ఒకే లోడు గంటసేపు నడిపే టెస్టు ఈ క్షణాన్ని చూపించదు.

క్రాష్ అయ్యాక ఊహలొద్దు, విండోస్ తన తప్పుల చిట్టా చూపించే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. సోర్స్ డిస్‌ప్లే, నంబరు 4101 ఉంటే డ్రైవర్ (కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్) జవాబివ్వడం ఆపేసిందని, విండోస్ దాన్ని మళ్లీ లేపిందని అర్థం. మామూలుగా విండోస్ 2 సెకన్లు చూసి ఈ పని చేస్తుంది. స్క్రీన్ నల్లబడి తిరిగొచ్చి, గేమ్ మూసుకుపోయేది ఇందుకే. ఓవర్‌క్లాక్ పెట్టాకే ఇది మొదలైతే ముందు కోర్ క్లాక్‌ని అనుమానించండి, రెండు మెట్లు, అంటే 30 దించండి. విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీలో ఆ 2 సెకన్లని 10 చేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దయచేసి చేయకండి. చిప్ అలాగే తప్పు లెక్కలు వేస్తూ ఉంటుంది, మీకు తెలియడమే ఆలస్యమవుతుంది. ఒక్కసారి 4101 వచ్చాక సిస్టమ్ రీస్టార్ట్ చేయకుండా తర్వాతి టెస్టు నడపవద్దు. డ్రైవర్ లేచినా క్లాక్‌లు సరిగా రాకపోవచ్చు, ఆ ఫలితం దేనికీ పనికిరాదు.

సిస్టమ్ మొత్తం ఆగి రీస్టార్ట్ అయితే కెర్నల్-పవర్ 41 కనిపిస్తుంది. విండోస్ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని తప్ప అది ఇంకేమీ చెప్పదు. పవర్ సప్లై చాలకపోయినా వస్తుంది, ఇంట్లో కరెంటు రెప్పపాటు పోయొచ్చినా వస్తుంది. లైట్లు మిణుకుమన్నాయేమో గుర్తు చేసుకుని, అప్పుడు కార్డు మీదికి రండి. ఇక అన్‌రియల్ ఇంజన్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన గేమ్ "వీడియో మెమరీ చాలడం లేదు" అంటూ షేడర్లు (బొమ్మ గీసే చిన్న ప్రోగ్రాంలు) కంపైల్ చేసేటప్పుడు పడిపోతే, మీది ఇంటెల్ 13 లేదా 14వ తరం ఐ7, ఐ9 అయితే, మదర్‌బోర్డు బయోస్‌కి అప్‌డేట్ ఉందేమో ముందు చూడండి. ఆ ప్రాసెసర్ల వోల్టేజీ సమస్యకి ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి కోడ్) సవరణలు ఇచ్చింది. గ్రాఫిక్స్ కార్డు తప్పు లేకుండానే చాలామంది దాని క్లాక్ దించుకుంటూ పోయారు.

నేను వాడే వరుస ఇది. కార్డు చల్లగా ఉండగానే యూనిజిన్ హెవెన్, వీసింక్ (ఫ్రేములని స్క్రీన్ వేగానికి లాక్ చేసే సెట్టింగు) ఆన్ చేసి 20 నిమిషాలు. 2009 నాటి ఈ బెంచ్‌మార్క్ (వేగం కొలిచే ప్రోగ్రాం) ఇప్పటి కార్డులకు తేలిక, అందుకే క్లాక్ పై మెట్ల మీద నిలుస్తుంది. తర్వాత ఓసీసీటీ అనే టెస్టు ప్రోగ్రాంలో త్రీడీ అడాప్టివ్ టెస్టు, స్విచ్ మోడ్. ఇది లోడుని పైకీ కిందికీ మారుస్తుంది, తప్పు లెక్క వస్తే ఎర్రర్ అని చూపిస్తుంది. ఒక్క ఎర్రర్ వచ్చినా ఫెయిలే, "ఒకటే కదా" అనుకోకండి. ఆ తర్వాత రే ట్రేసింగ్ (వెలుగు దారిని లెక్కగట్టి నీడలు, ప్రతిబింబాలు గీయడం) ఉన్న గేమ్ ఏదైనా గంటసేపు. చాలా కార్డుల్లో కోర్ హద్దు అక్కడే ముందు బయటపడుతుంది. త్రీడీమార్క్ అనే బెంచ్‌మార్క్ కొనుక్కున్నవాళ్లు టైమ్ స్పై స్ట్రెస్ టెస్ట్ నడుపుకోవచ్చు. 20 సార్లు తిరిగి 97 శాతం వస్తే పాస్ అంటుంది. ఆ 97 ఫ్రేమ్ రేటు ఎంత నిలకడగా ఉందో చెబుతుంది, అంటే ఎక్కువగా వేడి గురించి చెబుతుంది.

కోర్ వోల్టేజ్ స్లైడర్‌ని నేను ముట్టుకోను. వచ్చే లాభం ఒకటి రెండు మెట్లు, పెరిగే వేడి అంతకు మించి. హద్దు దొరికాక ఎప్పుడూ 30 మెగాహెర్ట్జ్ వెనక్కి వస్తాను. ఆ 30కి గేమ్‌లో ఒక ఫ్రేమ్ అటూ ఇటూ అంతే. ఏఎండీ కార్డులవాళ్లకు స్లైడర్లు ఏఎండీ సాఫ్ట్‌వేర్ ఆడ్రెనలిన్‌లో ఉంటాయి, పరీక్ష వరుస ఇదే.

ఇక మెమరీ. కోర్ క్లాక్ స్లైడర్‌ని సున్నాకి తెచ్చి మొదలుపెట్టండి, రెండూ కలిపి ఎప్పుడూ జరపవద్దు. 3060 మెమరీ ఆఫ్టర్‌బర్నర్‌లో 7501గా కనిపిస్తుంది, అంటే ఒక్కో పిన్‌కి సెకనుకు 15 గిగాబిట్లు. ప్లస్ 500తో అది 16 అవుతుంది. వందేసి పెంచుతూ ప్రతిసారీ సూపర్‌పొజిషన్ (యూనిజిన్‌దే ఇంకో బెంచ్‌మార్క్) స్కోరు రాసుకోండి. ఇక్కడ ఒక్కటే జాగ్రత్త: 3080, 3090లలో ఉన్న జీడీడీఆర్6ఎక్స్ మెమరీకి తప్పు పట్టుకుని ఆ డేటాని మళ్లీ పంపించే ఏర్పాటుంది. క్లాక్ కాస్త ఎక్కువైతే చుక్కలూ గీతలూ కనబడవు, క్రాష్ కూడా కాదు, స్కోరు తగ్గుతుంది. స్లైడర్ పైకి వెళ్తోంది కదా అని సంతోషిస్తూ వేగం పోగొట్టుకుంటారు. ఏ కార్డైనా సరే, స్కోరు పెరగడం ఆగిన చోటికి వంద కిందే ఆగండి, తర్వాత ఓసీసీటీలో వీరామ్ (కార్డు మెమరీ) టెస్టు ఎర్రర్ లేకుండా పూర్తి కానివ్వండి.

అభ్యాసం: ముందు ఓవర్‌క్లాక్ ఏమీ లేకుండా పైన చెప్పిన వరుస మొత్తం నడపండి. అక్కడే పడిపోతే మీ సమస్య ఓవర్‌క్లాకింగ్ కాదు. తర్వాత మీ కోర్ ఆఫ్‌సెట్‌తో, అంటే ప్లస్ 120 లాంటి పెంపుతో, అదే వరుసని రెండుసార్లు చేయండి: తెల్లవారుజామున కార్డు చల్లగా ఉన్నప్పుడు ఒకసారి, మధ్యాహ్నం ఏసీ ఆపి ఇంకోసారి. ప్రతి టెస్టుకీ క్లాక్, వోల్టేజీ, వాట్లు, వేడి నోట్‌బుక్‌లో రాయండి. ఫెయిలైతే 15 దించి మొదటి నుంచి. పాసైన సెట్టింగుతో వారం రోజులు మామూలుగా వాడుకోండి, రోజూ రాత్రి ఈవెంట్ వ్యూయర్‌లో 4101 కోసం వెతకండి. ఆ వారం గడిచేదాకా ఆఫ్టర్‌బర్నర్‌లో విండోస్‌తోపాటు ఓవర్‌క్లాక్ వేసే బటన్ నొక్కవద్దు. ఇప్పటికే నొక్కేసి డెస్క్‌టాప్ రాగానే పడిపోతుంటే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆఫ్టర్‌బర్నర్ తీసేయండి.

ఐదో పాఠంలో గీతలోని చుక్కల్ని ఒక్కొక్కటిగా జరిపి, వోల్టేజీ తగ్గించి అదే వేగం రాబట్టడం నేర్చుకుంటాం. ఏ వోల్టేజీ దగ్గర మీ కార్డు ఎంత క్లాక్ నడిపిందో అప్పుడు కావాలి, కనుక ఆ నోట్‌బుక్ పారేయకండి.