తొట్టిలో, కుంట గట్టున తుంగ పెంచడం ఎలా?

తుంగ అనగానే మన రైతు చేయి పార మీదకు పోతుంది. వరిలోనూ కూరగాయల మడుల్లోనూ అంతగా విసిగించే కలుపు అది. అయితే ఎక్కువగా విసిగించేది గడ్డలు వేసి పాకే రకం, అంటే తుంగముస్తలు. దుబ్బు కట్టి ఒకచోట కుదురుగా పెరిగే తుంగలు వేరే ఉన్నాయి. వాటి వేళ్లు ఒడ్డు మట్టిని పట్టి ఉంచుతాయి, చేపపిల్లలకు నీడనిస్తాయి. సరైన రకం ఎంచుకుని, కుండీ దాటనివ్వకుండా పెంచితే ఇబ్బంది లేదు.

రకం

మన ఎండకు ముందుగా చెప్పుకోవలసింది గొడుగు తుంగ. మూడు నుంచి ఐదు అడుగులు పెరుగుతుంది, కాడ కొసన ఆకులు గొడుగు ఊచల్లా విప్పుకుంటాయి. పాపిరస్ ఎనిమిది అడుగులు దాటగలదు కాబట్టి పెద్ద కుంట, గాలి తాకిడి లేని మూల ఉంటేనే తెచ్చుకోండి. చాపలల్లే తుంగ ఊరి చెరువు గట్టుకు మంచిది. అది పాకుతుంది, ఇంటి తొట్టికి వద్దు. ఆన్‌లైన్‌లో రాగి రంగు కారెక్స్ అనే తుంగ జాతి మొక్కలు అందంగా కనిపిస్తాయి. అవి చల్లని నేలల మొక్కలు, రోహిణి కార్తె గాడ్పుకు నిలవవు.

కొనేముందు కాడను వేళ్ల మధ్య తిప్పి చూడండి. తుంగ అయితే మూడు అంచులు తగులుతాయి, గొడుగు తుంగలో అవి కాస్త మొద్దుగా ఉంటాయి. గుండ్రటి కాడ, గోధుమరంగు కండె ఉంటే అది జమ్ము. కుంటలో వేస్తే రెండు మూడేళ్లలో నీళ్లు కనపడవు.

ఎప్పుడు

మఖ, పుబ్బ కార్తెల్లో, అంటే ఆగస్టు రెండో సగం నుంచి సెప్టెంబరు మధ్య వరకు. నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. అప్పటికి వేరు పట్టకపోతే తుఫాను వాన మొక్కను మట్టితో సహా లేపేస్తుంది. ఆ అదను తప్పితే జనవరి, ఫిబ్రవరి.

మొక్క కట్టడం

ఒక మొక్క దొరికితే చాలు. ముదిరిన గొడుగును రెండంగుళాల కాడతో కోసి, ఆకులను సగానికి కత్తిరించి, తలకిందులుగా నీళ్ల గిన్నెలో ఉంచండి. ఆకులు కలిసేచోట రెండు మూడు వారాల్లో వేళ్లు, పిలకలు వస్తాయి. దోమలు గుడ్లు పెట్టకుండా మూడు రోజులకొకసారి నీళ్లు మార్చాలి. పాత దుబ్బు ఉంటే నాలుగైదు కాడలకు ఒక ముక్క చొప్పున విడదీసి, కాడలను జానెడు ఎత్తుకు కోసి నాటండి. దుబ్బు అడుగు కట్టెలా గట్టిపడితే పారతో కుమ్మకుండా రంపంతో కోయండి.

మట్టి, కుండీ

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త ఇక్కడే కావాలి. రెండు పాళ్లు చెరువు ఒండ్రు, ఒక పాలు ఇసుక కలపండి. ఆ ఒండ్రులోనే తుంగముస్తల గడ్డలు దాగి ఉంటాయి, ఒక్కటి మిగిలినా తోటంతా పాకుతుంది. మట్టిని ఎండలో పలచగా పరిచి పూర్తిగా ఆరనిచ్చి, జల్లెడ పట్టి, నల్లటి గడ్డలన్నీ ఏరేయండి. కుంటలో ప్లాస్టిక్ పట్టా పరిచి ఉంటే ఈ పని అసలు మానకండి. తుంగముస్తల మొలక మొన పట్టాను పొడుచుకుని బయటికి వస్తుంది.

కుంటలోకి దించే మొక్కకు పశువుల ఎరువు కలపవద్దు. నీళ్లు పచ్చగా పాచి పట్టి చేపలకు ఊపిరాడదు. అడుగు వెడల్పు ప్లాస్టిక్ బుట్టలో గోనెపట్టా పరిచి, మట్టి నింపి మొక్క నాటి, పైన అంగుళం మందాన గులకరాళ్లు పోయండి. బుట్టను కాస్త వాల్చి నెమ్మదిగా దించితే గాలి పోతుంది, మట్టి కరగదు. మొదటి నెల నీళ్లు మట్టికి సమంగా ఉండాలి. తర్వాత మట్టిపై నాలుగంగుళాల వరకు పర్వాలేదు. అడుగున ఇటుకలు పెట్టి, నీళ్లు పెరిగినా తగ్గినా ఎత్తు సరిచేయండి.

చేపలు లేని తొట్టి అయితే అడుగున రంధ్రం లేని బకెట్ చాలు. నెలకో గుప్పెడు వర్మీకంపోస్టు వేసుకోవచ్చు. దోమలకు మట్టిపై నీళ్లు నిలవనీయకుండా, తడిగా మాత్రం ఉంచండి.

గట్టు మీద

కుంట నవంబరులో నిండి మేలో అడుగంటుతుంది. వాన నీటి అంచున నాటినవి ఏప్రిల్‌కే ఎండిపోతాయి. నిండు మట్టానికి బాగా దిగువన మెట్టు తవ్వి, అడుగు దూరంలో రెండు వరుసలు నాటండి. చాపల తుంగ పైన ఎండినా దుంప బతికి ఉండి వానకు చిగురిస్తుంది. మొదటి ఏడాది కంప వేయకపోతే గేదెలు మిగల్చవు.

ఏం తేడా వస్తుంది

ఆకు కొసలు గోధుమరంగుకు తిరిగి, మట్టిపై తెల్లటి పొర కడితే బోరునీటి ఉప్పు కారణం. కొత్తపట్నం, మైపాడు లాంటి తీరపు ఊళ్లలో ఇది మామూలే. వాన నీళ్లు పట్టి ఉంచుకుని తొట్టి నిండా పోసి వంపేయండి, రెండు మూడుసార్లు చేస్తే తేరుకుంటుంది. పొర లేకుండా కొసలు మాడితే పడమటి ఎండ దెబ్బ, మధ్యాహ్నం నీడ ఇవ్వండి. అక్కడొక కాడ పసుపుబారడం ముసలితనమే, మొదలంటా కోసేయండి. ఎర్రనల్లి పొడి గాలిలో వస్తుంది. ఆకుల అడుగున నీళ్లు జోరుగా కొట్టండి, చేపలున్నచోట మందు వద్దు.

పూలు ఎండి గింజ కట్టకముందే కోయండి. కోసినవి, విడదీయగా మిగిలినవి కాలువలో పారేయవద్దు. నీటివెంట పోయిన ముక్క ఎక్కడ ఆగితే అక్కడ వేరు పట్టి, దిగువ పొలాలకు నీరందకుండా చేస్తుంది. బాగా ఎండబెట్టి మల్చింగుగా పరచండి.