సైనిక నేపథ్యం ఉన్న నాయకుని జీవిత వ్యాసం రాసేవారు సరిచూసుకోవలసినవి

మా నల్లగొండలో తుపాకీ పట్టిన నాయకుడు అనగానే పెద్దల మనసు ఇప్పటికీ సాయుధ పోరాటం వైపే పోతుంది. యుద్ధవిమానం నడిపి రాజకీయాల్లోకి వచ్చినవారు ఇక్కడ అరుదు. అందుకే కాంగ్రెస్ నాయకుడు ఎన్. ఉత్తమ్ కుమార్ రెడ్డి వంటివారి జీవితం రాయబూనినవారు మిగ్ విమానాల ముచ్చట దగ్గరే కాగితమంతా ఖర్చు చేసి, ఎన్నికల చరిత్రను చివరి పేరాలో తేల్చేస్తుంటారు. తప్పులు దొర్లేది సరిగ్గా ఆ చివరి పేరాలోనే.

మొదట సర్వీసు కాలాన్ని, రాజకీయ కాలాన్ని రెండు వేర్వేరు కాగితాల మీద రాసుకోవాలి. సర్వీసులో ఉన్న అధికారి ఎన్నికల్లో నిలబడలేడు కనుక, ఉద్యోగం వదిలిన సంవత్సరం దొరికితే ఆ రెండు కాగితాలూ అక్కడే కలుస్తాయి. ఈయన విషయంలో వాయుసేన పైలట్ ఉద్యోగం, ఆ తరువాత రాష్ట్రపతి భవన్‌లో అధికారిగా పని మొదటి కాగితంలోకి వస్తాయి. 1994లో కోదాడలో పోటీ చేసి ఓడిపోవడంతో రెండవది మొదలవుతుంది. ఆ ఓటమిని వదిలేసి 1999 గెలుపుతో మొదలుపెట్టే వ్యాసాలు నాకు అసంపూర్తిగానే కనిపిస్తాయి.

హోదా దగ్గర మరింత జాగ్రత్త కావాలి. ఆయన పేరు ముందు కెప్టెన్ అని తరచుగా రాస్తారు గాని, వాయుసేనలో ఉత్త కెప్టెన్ అనే హోదా లేదు. సైన్యం (ఆర్మీ)లోని కెప్టెన్‌కు సమానమైనది ఫ్లైట్ లెఫ్టినెంట్; గ్రూప్ కెప్టెన్ దానికి మూడు మెట్లు పైది. వాడుకలోని బిరుదును వాడుకగానే చెప్పి, అధికారిక హోదాను ఆధారం చూశాకే రాయాలి.

ఊళ్ల పేర్లు కూడా కాలాన్ని బట్టి మారతాయి. 1999, 2004లలో ఆయన గెలిచిన కోదాడ అప్పటికి నల్లగొండ జిల్లాలోనిది. సూర్యాపేట జిల్లా ఏర్పడింది 2016 అక్టోబరు 11న. నియోజకవర్గాల పునర్విభజన తరువాత 2009 నుంచి ఆయన స్థానం హుజూర్‌నగర్. 2014 ఎన్నిక తెలంగాణ రాష్ట్రం ఏర్పడకముందే, ఏప్రిల్‌లో జరిగిందని మరువరాదు.

అన్నిటికన్నా చిక్కు 2019. 2018 డిసెంబరులో హుజూర్‌నగర్ నుంచి శాసనసభకు, 2019 మేలో నల్లగొండ నుంచి లోక్‌సభకు ఎన్నికైనందున, రెండు సభల్లోనూ కొనసాగే వీలులేక ఆయన శాసనసభ స్థానాన్ని వదులుకున్నారు. నిబంధన ప్రకారం ఇందుకు 14 రోజుల గడువే ఉంటుంది. ఆ అక్టోబరులో జరిగిన ఉప ఎన్నికలో ఆయన భార్య పద్మావతి పోటీ చేసి టీఆర్ఎస్ అభ్యర్థి సైదిరెడ్డి చేతిలో ఓడిపోయారు. 2023లో ఆయన తిరిగి హుజూర్‌నగర్‌లో గెలిచి, లోక్‌సభ స్థానాన్ని విడిచి, నీటిపారుదల మంత్రి అయ్యారు. ఈ రాకపోకల వల్ల లెక్క తప్పుతుంది: శాసనసభ గెలుపులు ఆరు, లోక్‌సభ గెలుపు ఒకటి. రెంటినీ కలిపి ఏడుసార్లు ఎమ్మెల్యే అని రాయకూడదు.

ఓట్ల అంకెలకు ఎన్నికల సంఘం నివేదికలనే నమ్మాలి. ఆస్తులకు, కేసులకు నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రం ఆధారమైనా, అందులోని వివరాలు అభ్యర్థి స్వయంగా చెప్పుకున్నవే కనుక, ఆస్తి ఇంత ఉంది అనకుండా ఇంత ఉన్నట్టు ఫలానా సంవత్సరంలో ప్రకటించారు అని రాయాలి.